బండకు కొట్టాల్సిన పసిపిల్లలు ఎవరు?

ప్రశ్న: రాత్రి పడుకునే ముందు ఇంట్లో రోజుకొక కీర్తన చదువుకుంటాం. మొన్న 137వ కీర్తన వచ్చింది. బబులోను పసిపిల్లలను బండకు కొట్టేవాడు ధన్యుడన్న చివరి వచనం విని, తొమ్మిదేళ్ళ మా పాప "దేవుడు దీనికి ఒప్పుకున్నాడా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మేము ప్రొటెస్టెంట్లం. క్యాథలిక్ స్నేహితురాలిని అడిగితే, ఆ పిల్లలంటే చెడు తలంపులని చెప్పింది. ఇది నిజమైన అర్థమా, ఇబ్బంది తప్పించుకునే ఉపాయమా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మా నాన్నగారు ఇంటి ప్రార్థనలో ఈ కీర్తన వచ్చినప్పుడల్లా ఆరో వచనం దగ్గర గొంతు సవరించుకుని, "ప్రార్థన చేసుకుందాం" అనేవారు. తర్వాత మరో మూడు వచనాలున్నాయని పదిహేనో ఏట ఒంటరిగా చదువుకున్నప్పుడు గాని నాకు తెలియలేదు. తప్పించుకోవడం ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను, మీ స్నేహితురాలు తప్పించుకోలేదు.

ఆమె చెప్పిన అర్థం చాలా పాతది. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్, క్రైస్తవాన్ని ఎద్దేవా చేసిన సెల్సస్‌కు జవాబు రాస్తూ ఈ వచనాన్ని ఎత్తుకున్నాడు. బబులోను అంటే గందరగోళం, దాని పిల్లలు మనసులో పుట్టే పాపపు ఆలోచనలు, వాటిని వాక్యమనే గట్టి బండకు కొట్టినవాడు ధన్యుడు అన్నాడు. "ఆ బండ క్రీస్తే" అని పౌలు వేరే సందర్భంలో రాసిన మాట (1 కొరింథీయులకు 10:4) దీనికి చక్కగా అతికింది. 6వ శతాబ్దంలో సన్యాసుల మఠాలకు నియమావళి రాసిన బెనెడిక్ట్ దీన్ని ఏకంగా మఠ నియమంగా మార్చాడు: చెడు తలంపు రాగానే క్రీస్తుకు వేసి కొట్టు, ఆపైన ఆత్మీయ గురువుకు చెప్పు.

ఈ చదువులో నన్ను పట్టి నిలిపేది 'పసి' అన్న మాట. పగ పుట్టినప్పుడు పగలా కనిపించదు. ఎవరో అన్న చిన్న మాటను రెండోసారి తలచుకుంటాం, అంతే. అప్పుడైతే చేత్తో ఎత్తగలం. మీసాలు వచ్చాక అదే మనల్ని ఎత్తి కొడుతుంది.

ఆర్థడాక్స్ సంఘాల దారి వేరు. ఈస్టరుకు ముందు వచ్చే మహా ఉపవాసం ఇంకా మొదలుకాకముందే, మూడు ఆదివారాల ఉదయ ఆరాధనలో ఈ కీర్తనను చివరి వచనంతో సహా పాడతారు (వారి లెక్కలో ఇది 136వది). ఉపవాసపు గుమ్మంలో నిలబడ్డవాడికి, నువ్వు పరదేశంలో ఉన్నావని పాట గుర్తుచేస్తుంది. వ్యాఖ్యానమంతా ఏ రోజున పాడాలన్న ఎంపికలోనే ఉంది.

మన ప్రొటెస్టెంట్ల వైపు చూస్తే, 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ అక్షరాన్ని వదలడు. ఇది కీర్తనకారుడి సొంత కక్ష కాదు, బబులోను మీద దేవుడే ప్రకటించిన తీర్పు అంటాడు. యెషయా 13:16 చూడండి. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది. ఆ జవాబు మీ పాపకు చెప్పమని మాత్రం అనలేను. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1784లో అమెరికా మెథడిస్టులకు ఆరాధన గ్రంథం తయారుచేస్తూ, క్రైస్తవ సభ నోట పలకరానివంటూ కొన్ని కీర్తనలను, మరికొన్నిటిలో భాగాలను తీసేశాడు. విచిత్రమేమిటంటే, తలంపుల అర్థాన్ని శతాబ్దాలుగా మోసిన క్యాథలిక్ సంఘం కూడా 1970ల నాటి దినప్రార్థన గ్రంథంలో ఈ కీర్తన చివరి మూడు వచనాలను వదిలేసింది. సరిగ్గా మా నాన్నగారు ఆగిన చోటే!

ఇక నా మాట. అంతియొకయలో బోధించిన జాన్ క్రిసోస్తమ్, ఇవి బందీల మాటలని, ప్రవక్త వారి గుండెకోతను వారి గొంతుతోనే పలికాడని చెప్పాడు. నేను మొదట ఆగేది ఇక్కడ. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం చేతిలో యెరూషలేము కూలింది, బతికినవాళ్ళను బందీలుగా ఈడ్చుకుపోయారు. వాళ్ళ ఏడుపు వినకుండా నేరుగా తలంపుల దగ్గరికి గెంతితే, ఎంత పాత వ్యాఖ్యానమైనా నాకు రుచించదు. విన్న తర్వాత ఓరిజెన్ చెప్పింది వంద రెట్లు పదునెక్కుతుంది, ఎందుకంటే ముందుగా కొట్టాల్సిన పసిబిడ్డ ఆ పగే అని తెలుస్తుంది.

పాపకు ఈసారి ఎనిమిదో వచనం నుంచి చదవండి. "నీవు మాకు చేసిన" అన్న మాట అక్కడుంది. ఏం చేశారు అని అడుగుతుంది. వాళ్ళ పిల్లలను చంపేశారని చెప్పండి. ఆ కోపాన్ని కత్తితో కాకుండా దేవుడి ముందు నోటితో కక్కారని కూడా చెప్పండి. తలంపుల సంగతి తనకు పదిహేనేళ్ళు వచ్చాక చూసుకోవచ్చు.