గోడ గూటిలో పెట్టే ఆడియో సామానుకు లైట్ల ఎంపిక: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య బరంపురం నుంచి ఆశీర్వదించి వ్రాయునది.

రాయగడలో మీరు కట్టిస్తున్న ఇంటి హాల్లో యాంప్లిఫయరు, సెట్‌టాప్ బాక్సు, రికార్డు ప్లేయరు, రౌటరు అన్నీ ఒకేచోట అమర్చడానికి గోడలోకి గూడు తీయించారనీ, అందులో ఎలాంటి లైట్లు పెడితే బాగుంటుందో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఇళ్ళ వైరింగు చేయించడంలోనూ, పాటల సామాను బిగించడంలోనూ నా ఉద్యోగకాలమంతా గడిచింది కనుక ఈ విషయంలో ఏదో తోచినట్టు కాక, నాకు తెలిసినంత వివరంగా రాయాలని కూర్చున్నాను. ప్లాస్టరింగు ఇంకా కాలేదని రాశావు. అది మంచిదయింది, ఎందుకంటే ఈ పనిలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ గోడకు పూత పడకముందే జరగాలి.

దుకాణానికి వెళ్ళి ఏ లైటు బాగుంటుందని అడగకముందు, వెలుగు ఎక్కడ పడాలో మీరిద్దరూ నిశ్చయించుకోండి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వెలుగు సామాను ముఖం మీద పడకూడదు, సామాను వెనుక ఉన్న గోడ మీద పడాలి. ఈ రోజుల్లో వచ్చే పెట్టెల ముఖాలు చాలావరకు నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉంటాయి. గూటి పైఅంచున ముందువైపు ఎల్‌ఈడీ స్ట్రిప్ (చిన్న చిన్న దీపపు చుక్కలు వరుసగా ఉండే పట్టీ) అతికిస్తే, దాని చుక్కలన్నీ ఆ నల్లని పలకల్లో ముత్యాల దండలా వరుసగా ప్రతిఫలిస్తాయి, డిస్‌ప్లేలో అంకెలు వెలవెలబోతాయి, పలక మీది ప్రతి వేలిముద్రా, ప్రతి ధూళికణమూ సోఫాలో కూర్చున్నవారికి కనబడుతుంది. అదే వెలుగు వెనుక గోడ మీద పడి, పెట్టెల చుట్టూ అంచులు మాత్రమే తేలేటట్టు ఉంటే, సామాను ఆకారం నిండుగా కనబడుతుంది, కంటికి శ్రమ ఉండదు. సంవత్సరాల తరబడి రకరకాల ఇళ్ళలో చూసిన మీదట నాకు ఈ విషయంలో రెండో మాట లేదు.

ఇది నా మాట మీద నమ్మవలసిన పని కూడా లేదు. ఒక రాత్రి అల్లుడుగారిని వెంటబెట్టుకుని కొత్త ఇంటికి వెళ్ళి, గూటిలో ఒక బల్లచెక్క మీద మీ యాంప్లిఫయరును పెట్టండి. ఒకరు సోఫా రాబోయే చోట కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ఇంకొకరు సెల్‌ఫోను టార్చి వెలిగించి మొదట పైనుంచి, తరువాత పక్కలనుంచి, చివరకు పెట్టె వెనుకనుంచి గోడవైపు తిప్పి చూపించాలి. టార్చి గోడకు అంగుళం దూరంలో ఉన్నప్పుడు గోడ మీద కళ్ళు చెదిరే గీత ఒకటి పడుతుంది. దాన్ని నాలుగు అంగుళాలు వెనక్కు జరిపేసరికి ఆ గీత మెత్తబడి, విప్పారి, నెమ్మదిగా చీకట్లో కలిసే వెలుగుగా మారుతుంది. మీకు కావలసినది ఆ రెండోది. కాబట్టి పెట్టెల వెనుక, వైర్ల వంపులకు పోగా, కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండేటట్టు గూటి లోతు పెంచమని మేస్త్రీకి ఇప్పుడే చెప్పండి. యాంప్లిఫయర్లు తరచు పదిహేను, పదహారు అంగుళాల లోతుంటాయి, వెనుక ప్లగ్గులు గుచ్చితే మరి కాస్త పెరుగుతుంది. మీ వడ్రంగి ఒడియావాడనీ, మీ మాట అతనికీ అతని మాట మీకూ సగమే అర్థమవుతోందనీ రాశావు కనుక, కొలతలు నోటితో చెప్పి ఊరుకోక గోడ మీదనే పెన్సిలుతో గీసి, పక్కన అంకెలు వేయించు.

స్ట్రిప్‌ను గోడకు నేరుగా అతికించవద్దు. సామాను నిలిపే చట్రానికి వెనుక అంచున, కుడి ఎడమల నిలువుగానూ పైన అడ్డంగానూ, పాల రంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్, అంటే స్ట్రిప్ లోపల అమరే సన్నని కాలువలాంటి పట్టీ, మరలతో బిగించి, దాని ముఖం వెనుక గోడవైపు తిప్పించండి. స్ట్రిప్ వెనుక ఉండే జిగురు మీద ఆధారపడితే మీ వైపు వర్షాకాలంలో గోడలకు తేమ పట్టగానే అది ఊడి వేలాడడం ఖాయం. అల్యూమినియం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: స్ట్రిప్‌లో పుట్టే వేడిని అది లాక్కుంటుంది, వేడి తగ్గితే ఎల్‌ఈడీ ఎక్కువ కాలం మన్నుతుంది. స్ట్రిప్ ముక్కలను కలపడానికి నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు వాడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే మా బరంపురం ఇళ్ళలో ఆ క్లిప్పుల కింద రాగి పచ్చబడి, లైటు ఒక కొస వెలిగి ఇంకో కొస ఆరిపోవడం మామూలు. మీది కొండప్రాంతం కాబట్టి ఉప్పు బాధ లేకపోయినా తేమ బాధ ఉంది, అందుచేత ప్రతి అతుకూ సోల్డరింగు చేయించి, పైన స్లీవు తొడిగించు.

ఇక స్ట్రిప్ ఎంపిక. చుక్కలు విడివిడిగా కనబడని సీఓబీ స్ట్రిప్ తీసుకోండి, అదీ 24 వోల్టులది. దుకాణాల్లో 12 వోల్టులది ఎక్కువగా చూపిస్తారు, కానీ అంతే వాట్లకు 12 వోల్టులలో కరెంటు రెట్టింపు పారుతుంది, పొడవు పెరిగేకొద్దీ చివరి భాగం మసకబారుతుంది. మీ గూడు నాలుగు అడుగుల వెడల్పు, అయిదు అడుగుల ఎత్తు అని రాశావు. రెండు పక్కలా అయిదేసి, పైన నాలుగు, కలిపి పద్నాలుగు అడుగులు, అంటే దాదాపు 4.3 మీటర్లు. మీటరుకు 10 వాట్ల స్ట్రిప్ అయితే మొత్తం 43 వాట్లు. ఇంటి కరెంటును 24 వోల్టులకు మార్చి స్ట్రిప్‌కు ఇచ్చే పెట్టెను ఎస్సెంపీఎస్ అంటారు. దాన్ని పూర్తి శక్తి మేరకు ఎప్పుడూ వాడకూడదు, అయిదింట ఒక వంతు మిగులు ఉంచాలి, కాబట్టి 24 వోల్టుల 60 వాట్లది సరిపోతుంది. కొనేటప్పుడు దాని మీద భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యేది, ముద్రించి ఉందో లేదో చూడండి. అది లేని చవక పెట్టె, మీ యాంప్లిఫయరుకు ఎంత ఖరీదు పెట్టారో తలుచుకుంటే, చవక కాదు. ఇంటి లోపలి గూడు కనుక నీరు పట్టని సిలికాన్ తొడుగు ఉన్న రకం అవసరం లేదు. ఆ తొడుగు వేడిని లోపలే నిలుపుతుంది.

రంగు విషయానికి వస్తే, గూటికి 3000 కెల్విన్ (వెలుగు ఛాయకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలితెలుపు) వెచ్చని వెలుగు, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే అంకె) 90కి తగ్గనిది, నా ఎంపిక. మీరు చట్రం టేకుతో చేయిస్తున్నారు, టేకు నారలోని ఎరుపూ పసుపూ ఆ వెలుగులోనే పలుకుతాయి. 6500 కెల్విన్ తెల్ల వెలుగు కింద అదే చెక్క పాలిపోయి బూడిద పూసినట్టుంటుంది. అయితే పక్కన టీవీ ఉంటే దాని వెనుక పెట్టే లైటు మాత్రం 6500 కెల్విన్‌దే ఉండాలి, ఎందుకంటే సినిమాలకూ వీడియోలకూ తెలుపు రంగును ఆ ప్రమాణానికే సరిచేస్తారు, వెనుక పసుపు వెలుగు ఉంటే తెరమీద తెలుపు నీలంగా తోస్తుంది. రెండు లైట్లనూ ఒకే స్విచ్చికి కలపకండి. అబ్బాయి రంగులు మారే లైట్లు కావాలంటున్నాడని రాశావు. వాడి ముచ్చట కాదనను, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే ఉన్న స్ట్రిప్‌లో తెలుపు అని నొక్కితే వచ్చేది అసలైన తెలుపు కాదు, నీలిఛాయ కలిసిన అనారోగ్యపు వెలుగు. రంగులు తప్పనిసరి అయితే, విడిగా వెచ్చని తెలుపు చిప్పు కూడా ఉన్న రకమే తీసుకోండి.

గూటి వెనుక గోడకు మెరిసే సన్‌మైకా వేయించవద్దని అల్లుడుగారికి మరీ మరీ చెప్పు. మెరిసే ఉపరితలం మీద వెలుగు పరుచుకోదు, ప్రొఫైల్ రూపమే అందులో ప్రతిబింబిస్తుంది. పూర్తి నలుపు వేస్తే వెలుగంతా అది మింగేస్తుంది. లేత బూడిదరంగు, మెరుపు లేని పెయింటు అన్నిటికంటే బాగుంటుంది.

డిమ్మరు పెట్టించడం మరిచిపోకు. అది అలంకారం కాదు, అవసరం. పగలు సరిపోయిన వెలుగు రాత్రి సినిమా చూస్తున్నప్పుడు కళ్ళలో గుచ్చుకుంటుంది, నా అనుభవంలో రాత్రిపూట గూటికి పావువంతు వెలుగు కూడా ఎక్కువే. డిమ్మర్లు చాలావరకు లైటును అతివేగంగా ఆర్పి వెలిగిస్తూ వెలుగు తగ్గిస్తాయి. ఆ వేగం చాలనప్పుడు కన్ను తిప్పినచోటల్లా వెలుగు ముక్కలై కనబడుతుంది, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. దుకాణంలోనే లైటును బాగా తగ్గించి, ఫోను కెమెరాలోంచి చూడు. తెరమీద నల్లని పట్టీలు పాకుతూ కనబడితే ఆ డిమ్మరు వద్దని చెప్పి వచ్చేయి. ఇంటికి తెచ్చాక ఇంకో పరీక్ష ఉంది. లైటు తగ్గించి ఉంచి, టీవీ రిమోటు, యాంప్లిఫయరు రిమోటు ఎప్పటంత దూరంనుంచీ పనిచేస్తున్నాయో లేదో చూడాలి, ఎందుకంటే రిమోట్లు కంటికి కనబడని పరారుణ కాంతితో, సాధారణంగా సెకనుకు సుమారు 38 వేల సార్ల లయలో సంకేతాలు పంపుతాయి, నాసిరకం లైట్ల అదురు ఆ సంకేతాన్ని చెడగొట్టవచ్చు. లైటుకు కూడా అలాంటి రిమోటే ఇస్తామంటే వద్దని, గోడకు బిగించే గుండ్రని మీట అడుగు.

చాలామంది పట్టించుకోనిది వేడి. గూడంటే మూడు వైపులా మూసిన పెట్టె. యాంప్లిఫయరు పైకి పంపే వేడి గూటి పైభాగంలో చేరుతుంది, మన వైపు వేసవిలో అది ఇంకా ఎక్కువ. ఎస్సెంపీఎస్‌ను అక్కడే దాచిపెట్టడం అందరూ చేసే పని, చేయకూడని పని కూడా. లోపలి కెపాసిటర్లకు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా రంగంలో ఒక లెక్క. దాన్ని గూటికి బయట, కింది అరలో, చేతికి అందేచోట పెట్టించండి, పూతలో కప్పేయనివ్వకండి. అర వెనుక గాలి రంధ్రాలకు సన్నని ఇనుప జాలీ వేయించు, లేకపోతే వెచ్చదనానికి బల్లులు, పురుగులు చేరి సర్క్యూటును కాల్చేస్తాయి. గూటి పైన కూడా వేడి గాలి పోవడానికి ఒక పొడవాటి సందు వదలాలి, పైన అడ్డంగా వచ్చే ప్రొఫైల్ ఆ సందును మూయకూడదు. రికార్డు ప్లేయరు వైర్లకు ఎస్సెంపీఎస్ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, ఆ వైర్లలో పారే సంకేతం చాలా బలహీనం కనుక పక్కనున్న విద్యుత్ రొద అందులోకి సులభంగా చొరబడుతుంది.

ఈ అలంకారపు లైటు కాక, దానితో సంబంధం లేకుండా ఇంకొక లైటు తప్పక పెట్టించు. 4000 కెల్విన్‌ది, మంచి ప్రకాశమున్నది, చట్రం వెనుక పైభాగంలో, సొంత స్విచ్చితో. ఏ వైరు ఎక్కడికి పోయిందో వెతికేటప్పుడు చేతులకు వెలుగు కావాలి. ఇళ్ళలో ఈ ఒక్కటీ లేక, నోట టార్చి కరిచిపట్టుకుని సాకెట్టు వెతికేవాళ్ళను ఎందరినో చూశాను. దీన్ని ఇన్వర్టరు లైనుకు కలిపించు, కరెంటు పోయిన రాత్రి రౌటరు చూసుకోవడానికి పనికొస్తుంది. అలంకారపు లైటుకు ఇన్వర్టరు అక్కరలేదు.

మీ యాంప్లిఫయరు వెనుక 12 వోల్టుల ట్రిగ్గర్ అని రాసి చిన్న సాకెట్టు ఉందేమో చూడు. ఉంటే యాంప్లిఫయరు వెలగగానే గూటి లైటు కూడా దానంతట అదే వెలిగేటట్టు చేయవచ్చు. కానీ స్ట్రిప్‌ను ఆ సాకెట్టుకు నేరుగా కలపకూడదు, చాలా యాంప్లిఫయర్లలో అది నూరు, నూటయాభై మిల్లీఆంపులకు మించి ఇవ్వలేదు. మధ్యలో చిన్న రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) పెట్టించాలి, అది మీ వైరింగు అబ్బాయికి తెలిసిన పనే.

ఉరుముల గాలివానలు మీ కొండల్లో ఎక్కువ కాబట్టి గూటికి వెళ్ళే మెయిన్ లైనుకు సర్జ్ రక్షణ (హఠాత్తుగా ఎగిసే వోల్టేజినుంచి కాపాడేది), మంచి ఎర్తింగు, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపే స్విచ్చి) ఉండాలి. కరెంటు వైరుకూ, స్పీకరు వైర్లకూ వేరువేరు పైపులు వేయించండి.

స్ట్రిప్ అక్కడ దొరకకపోతే విశాఖపట్నం వెళ్ళినప్పుడు తెచ్చుకోవచ్చు, రైలు సౌకర్యం ఎలాగూ ఉంది. ఎప్పుడు కొన్నా మొత్తం ఒకేసారి, ఒకే బ్యాచిది, ఒక మీటరు అదనంగా తీసుకోండి, ఎందుకంటే బ్యాచి మారితే 3000 కెల్విన్ అనే ముద్ర ఉన్నా ఛాయ కొంచెం తేడాగా వస్తుంది, తరువాత ఒక ముక్క మార్చవలసి వచ్చినప్పుడు ఆ తేడా గోడమీద స్పష్టంగా కనబడుతుంది. పూత పని మొదలుపెట్టే ముందు గూటి లోతు, పైపులు వచ్చిన చోట్లు ఫొటోలు తీసి పంపు, చూసి ఏమైనా మార్చాలంటే వెంటనే చెబుతాను.

అల్లుడుగారికి నమస్కారాలు, అబ్బాయికి ముద్దులు.

ఇట్లు,
మీ మామయ్య