అమెరికా పన్ను సున్నా అయితే రోత్ ఐఆర్ఏలో డబ్బు వేయొచ్చా?

ప్రశ్న: నాది అమెరికా పౌరసత్వం. కొన్నేళ్ల కిందట హైదరాబాద్ వచ్చేసి ఇక్కడి కంపెనీలో చేరాను. జీతం డాలర్లలో ఏడాదికి సుమారు 80,000. కూకట్‌పల్లి ఫ్లాట్ మీద కొంత అద్దె వస్తుంది. విదేశంలో సంపాదించిన జీతాన్ని అమెరికా పన్ను నుంచి తప్పించే ఫారం 2555తో జీతమంతా మినహాయింపులో చూపిస్తున్నాను, అమెరికాలో పన్ను పడట్లేదు. 2024కి, 2025కి రోత్ ఐఆర్ఏలో (రిటైర్మెంట్ కోసం దాచుకునే అమెరికా ఖాతా) ఏడేసి వేల డాలర్లు వేశాను. ఇబ్బందేమీ లేదుగా?

జవాబు: ఉందండీ. పన్ను పడకపోవడమే ఇబ్బంది. ఐఆర్ఏలో వేయాలంటే అమెరికా లెక్కలో పన్నుకు వచ్చే సంపాదన ఉండాలి. 2555 మినహాయింపు పరిమితి 2024కి 1,26,500 డాలర్లు, 2025కి 1,30,000. మీ జీతం మొత్తం అందులోనే పోయింది. అద్దె ఉంది కదా అంటారేమో, అద్దె, వడ్డీ, డివిడెండ్లు ఇక్కడ లెక్కలోకి రావు. బ్రోకరేజీ వాళ్లు డబ్బు తీసుకున్నారంటే అర్హత ఉన్నట్టు కాదు, వాళ్లు మీ రిటర్న్ చూడరు.

ఇలా ఎక్కువ వేసిన డబ్బుపై, ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం జరిమానా. 2024కి 420 డాలర్లు. 2025కి పాతదీ కొత్తదీ కలిసి 14,000 అయింది కాబట్టి 840. రిటర్న్ సకాలంలో వేసి ఉంటే, 2025 నాటి ఏడు వేలను దాని మీద లాభంతో సహా 2026 అక్టోబర్ 15లోగా వెనక్కి తీసుకుంటే ఆ భాగం తప్పుతుంది. 2024ది గడువు దాటిపోయింది.

నేనైతే ఇంకో దారి చూస్తాను. 2555 వదిలేసి, ఇక్కడ కట్టిన పన్నుకు ఫారం 1116తో క్రెడిట్ అడగండి. మీ జీతం మీద మన దగ్గర 30 శాతం శ్లాబు, యాభై లక్షలు దాటితే సర్‌చార్జీ కూడా. అమెరికా పన్ను అంతకంటే తక్కువే కాబట్టి క్రెడిట్‌తో జీతం మీది పన్ను దాదాపు చెల్లిపోతుంది, మిగిలిన క్రెడిట్ పదేళ్ల వరకు ముందుకు వెళ్తుంది. జీతం మాత్రం అమెరికా లెక్కలోనే ఉంటుంది, ఐఆర్ఏకి అర్హత వస్తుంది. రెండేళ్ల రిటర్న్‌లూ సవరించి వేయాలి. కాస్త చాకిరీయే: మన ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చి వరకు, వాళ్లది జనవరి నుంచి డిసెంబర్. పేస్లిప్పులు ముందేసుకుని నెలనెలా టీడీఎస్ కూడుకోవాలి.

పెళ్లి సంగతి మీరు రాయలేదు. భార్యాభర్తలు కలిసి ఉంటూ రిటర్న్ విడివిడిగా వేస్తే, ఆదాయం 10,000 డాలర్లు చేరగానే రోత్ తలుపు మూసుకుంటుంది. మనవాళ్లలో జీవిత భాగస్వామికి భారత పౌరసత్వమే ఉన్న ఇళ్లలో ఎక్కువగా తగిలేది ఇదే.

ఇంకొకటి. 2555 ఒకసారి వదిలేస్తే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ అనుమతి లేకుండా ఐదేళ్లపాటు మళ్లీ వాడలేరు. ఈలోగా దుబాయ్ ఉద్యోగం వచ్చిందనుకోండి, అక్కడ జీతం మీద పన్ను లేదు, కొత్తగా క్రెడిట్ అడగడానికీ ఏమీ ఉండదు, మిగిలిన పాత క్రెడిట్ అయిపోయాక అమెరికాకు పూర్తిగా కట్టాలి. గల్ఫ్ ఆలోచన ఏమాత్రం ఉన్నా 2555ని కదపకండి, వేసిన డబ్బే వెనక్కి తీసుకోండి.