నీళ్లలో తూచాకే ప్లేటు కొనండి

ప్రశ్న: మేడమ్, మేం భార్యాభర్తలం. అంబత్తూరులో ఉంటాం. నిరుడు అండమాన్‌లో ఓపెన్ వాటర్ అనే స్కూబా డైవింగ్ తొలి కోర్సు పూర్తిచేశాం. మళ్లీ స్వరాజ్ ద్వీప్ వెళ్దామనుకుంటున్నాం. అద్దె జాకెట్లు ఒక్కోసారి ఒక్కోలా ఉంటున్నాయని ఈసారి సొంతంగా బ్యాక్‌ప్లేట్, వింగ్ కొనుక్కోవాలని ఉంది. నా బరువు 82 కిలోలు, మా ఆవిడ 49. ఒళ్లంతా కప్పే 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్‌తో నీళ్లలో తేలిపోకుండా నాకు 7 కిలోల సీసం పడుతోంది. ఆవిడకు షార్టీతో (పొట్టి చేతులు, పొట్టి కాళ్ల వెట్‌సూట్) 3 కిలోలు చాలు. షాపాయన ఇద్దరికీ ఒకే సెట్ తీసుకోమంటున్నాడు: స్టీలు ప్లేటు, 20 కిలోల లిఫ్ట్ ఉన్న వింగ్. వింగ్ ఎంత పెద్దదైతే అంత సేఫ్ అట, రేపు డబుల్ సిలిండర్లకు మారినా పనికొస్తుందట. తీసుకోమంటారా? (అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దండి. స్టీలు ప్లేటు మీకు బాగుంటుంది, మీ ఆవిడకు వద్దు. 20 కిలోల వింగ్ మీ ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేదు.

ఎవరికెంత సీసం పడుతోందో మీరు రాయడం చాలా మంచిదైంది. ఈ విషయం మీద నాకొచ్చే ఉత్తరాల్లో బ్రాండు ఉంటుంది, రంగు ఉంటుంది, ధర ఉంటుంది, ఈ అంకె మాత్రం ఉండదు. అది తెలియకుండా ప్లేటు ఎంచడం కుదరదు.

ఈ సరంజామా చూడని పాఠకుల కోసం రెండు మాటలు. మామూలు జాకెట్‌లో గాలి సంచీ, పట్టీలు, మెత్తలు, జేబులు అన్నీ కలిపి ఒకే చొక్కాలా కుట్టి ఉంటాయి. ఇక్కడ అన్నీ విడివిడి. వీపుకు ఆనుకునే లోహపు పలక బ్యాక్‌ప్లేట్. దాన్ని ఒంటికి బిగించేది ఐదు సెంటీమీటర్ల వెడల్పున్న నైలాన్ పట్టీ, అదే హార్నెస్. పలకకూ సిలిండర్‌కూ మధ్య ఉండే గాలి సంచి వింగ్. ఉత్తర ఫ్లోరిడా గుహల్లో డైవ్ చేసేవాళ్ల కోసం 1979లో గ్రెగ్ ఫ్లానగన్ దీన్ని తయారుచేశారు. తర్వాత విలియం హోగార్త్ మెయిన్ దానికి మెరుగులు దిద్దారు. భుజాల మీంచి నడుము దాకా ఒకే పట్టీ నడిచే హార్నెస్‌ను ఇప్పటికీ హోగార్తియన్ అంటున్నది ఆయన పేరు మీదే. ప్లేటు మీద బోల్టు రంధ్రాల మధ్య దూరం 11 అంగుళాలని స్థిరపడిపోయింది కాబట్టి ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ వింగ్ చాలావరకు కుదురుతుంది. ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకోవచ్చు. నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం ఉండటానికి పెద్ద కారణం అదే.

ఇక మీ లెక్క. మూడు మిల్లీమీటర్ల మందం స్టీలు ప్లేటు బయట తూస్తే సుమారు 2.7 కిలోలు. నీళ్లలో 2.4 కిలోల సీసం చేసే పని చేస్తుంది. అదే కొలతల అల్యూమినియం ప్లేటు బయట కిలో కూడా ఉండదు, నీళ్లలో అరకిలో కంటే కాస్త ఎక్కువ. రెండోది, అద్దె జాకెట్‌లోని మెత్తలు స్వతహాగా తేలతాయి. మోడల్‌ను బట్టి అరకిలో నుంచి కిలో దాకా సీసం ఆ మెత్తల్ని ముంచడానికే పోతుంది. ప్లేటుకు మెత్తలు లేవు కనుక ఆ సీసం కూడా మిగులుతుంది.

మీ 7 కిలోల్లోంచి ఈ రెండూ తీసేస్తే ఇంకా నాలుగు కిలోల దాకా సీసం పెట్టుకోవాల్సి ఉంటుంది. అదే మంచిది. నడుం దగ్గరి బరువులో కొంత వీపు మీదికి వస్తుంది, కాళ్లు కిందికి జారకుండా నీళ్లలో అడ్డంగా పడుకున్నట్టు ఉండగలుగుతారు. ఆపదలో జారవిడవడానికి సీసమూ ఉంటుంది.

మీ ఆవిడ లెక్క చూడండి. 3 కిలోల్లోంచి 2.4, ఆపైన జాకెట్ తేలుడు తీసేస్తే మిగిలేది సున్నా. సీసమే అక్కర్లేదంటే వినడానికి బాగానే ఉంటుంది, చాలామంది దాన్ని గొప్పగా చెబుతారు కూడా. 49 కిలోల మనిషి విషయంలో నేను దానికి ఒప్పుకోను. అండమాన్ నీళ్లు ఏప్రిల్, మేలో 29, 30 డిగ్రీలుంటాయి. షార్టీ వద్దనుకుని ఈత దుస్తుల మీదే దిగారనుకోండి, షార్టీ తేలుడు పోయినంత బరువు ఆవిడకు ఎక్కువైపోతుంది. సీసమైతే ఒక దిమ్మ తీసేస్తాం, ప్లేటును కోసి తగ్గించలేం. అంతకంటే ముఖ్యం, నీటి మీద వింగ్ పనిచేయకపోతే వదిలేయడానికి ఆవిడ దగ్గర ఏమీ ఉండదు. అల్యూమినియం ప్లేటైతే కిలోన్నర, రెండు కిలోల సీసం ఆవిడ చేతిలో మిగులుతుంది. సూటు మారినా, సిలిండర్ మారినా దాన్ని సర్దుకోవచ్చు. మీ ఇద్దరిలో తేలిక ప్లేటు ఎవరికి అంటే నేను ఆలోచించకుండా ఆవిడకే అంటాను.

వింగ్ మాత్రం ఇద్దరికీ ఒకే సైజు కొనుక్కోవచ్చు. ఒక లీటరు గాలి నింపితే సుమారు కిలో బరువు తేలుతుంది, లిఫ్ట్ అంటే అంతే. మన దగ్గర డైవ్ సెంటర్లలో ఎక్కువగా కనిపించేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. 200 బార్ పీడనానికి నింపితే అందులోని గాలి బరువే రెండున్నర కిలోల పైన. డైవ్ చివర్లో సరిగ్గా తూగేలా సీసం పెట్టుకున్న మనిషి, డైవ్ మొదట్లో ఆ గాలి మేరకు బరువుగా ఉంటాడు. దిగేకొద్దీ వెట్‌సూట్ నలిగి దాని తేలుడూ తగ్గుతుంది. మీరు వెళ్లగలిగే 18 మీటర్ల దగ్గర పీడనం పైనున్నదానికి 2.8 రెట్లు. 3 మిల్లీమీటర్ల సూటుకు అక్కడ పోయేది కిలోన్నర అటూఇటూ. రెండూ కలిపినా నాలుగైదు కిలోలు దాటదు. రెండో పరీక్ష ఇంకోటుంది. మీరు విప్పేసి బోటు పక్కన వదిలినా నిండు సిలిండర్, నోటికి గాలి అందించే రెగ్యులేటర్, ప్లేటు, దానికి తగిలించిన సీసం మునిగిపోకుండా వింగ్ పట్టుకోవాలి. మీ విషయంలో అది ఏడు కిలోల దగ్గర ఆగుతుంది. కాబట్టి 11 నుంచి 13 కిలోల లిఫ్ట్ ఉన్న, ఒక్క సిలిండర్‌కని చేసిన వింగ్ తీసుకోండి. మిగులు ఉండనే ఉంది.

పెద్ద వింగ్ సేఫ్ అన్న మాట మన వెచ్చటి సముద్రాలకు వర్తించదు. ఒక్క సిలిండర్ మీద అంత వెడల్పు సంచి రెండు వైపులా పైకి ముడుచుకుంటుంది. ఆ మడతల్లో గాలి ఇరుక్కుని, మీరు వదలాలనుకున్నప్పుడు బయటికి రాదు. వింగ్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఇరుక్కుపోతే 20 కిలోల సంచి మిమ్మల్ని పైకి లాక్కెళ్లే జోరు 12 కిలోల సంచికి ఉండదు. రేపటి డబుల్ సిలిండర్ల కోసం ఇవాళే వెడల్పు వింగ్ కొనడం నాకు అసలు నచ్చని సలహా. ఆ రోజు వస్తే వింగ్ ఒక్కటే మారుస్తారు, ప్లేటు అదే ఉంటుంది. గుర్రపు నాడా ఆకారమా, గుండ్రటి రింగా అని కూడా అడుగుతుంటారు. రింగులో గాలి ఎడమకూ కుడికీ తేలిగ్గా తిరుగుతుంది, నేను అదే వాడతాను. నాడా ఆకారం దొరికితే దాని కోసం బెంగపడక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ హార్నెస్‌కు కాళ్ల మధ్య నుంచి ముందుకొచ్చే పట్టీ ఒకటి ఉంటుంది. వెయిట్ బెల్ట్ ముందు కట్టుకుని, దాని మీద హార్నెస్ వేసుకుంటే ఆ పట్టీ బెల్ట్‌ను పట్టేస్తుంది. బకిల్ విప్పినా సీసం కింద పడదు. బెల్ట్ ఎప్పుడూ ఆ పట్టీకి పైనే ఉండాలి. లేదంటే నడుం పట్టీకి తగిలించే, లాగితే ఊడొచ్చే వెయిట్ పాకెట్లు తీసుకోండి. కొత్తగా కొన్నవాళ్లు దిగేముందు నేను మొదట చూసేది ఇదే. మీరూ ఒకరిదొకరు చూసుకోండి.

హార్నెస్ సర్దడానికి ఒక సాయంత్రం కేటాయించండి. సూటు వేసుకుని, అద్దం ముందు. చెయ్యి వెనక్కి పెడితే ప్లేటు పై అంచు మెడ కింది ఎముక దగ్గర వేళ్లకు తగలాలి. భుజం పట్టీ కింద అరచెయ్యి సులువుగా దూరాలి. జాకెట్ అలవాటుతో అందరూ భుజాల దగ్గర బిగించేస్తారు, అప్పుడు విప్పుకోవడమే కష్టమవుతుంది. బిగుతు నడుం దగ్గరా కాళ్ల పట్టీ దగ్గరా ఉండాలి. రెండు మూడు డైవ్‌లు అయ్యాకే మిగిలిన పట్టీ కోసి, కొస పీచు లేవకుండా లైటర్‌తో కాల్చండి. మొదటి రోజే కోయకండి.

చెన్నై నుంచి విమానంలో చాలా టికెట్లకు చెకిన్ బ్యాగేజీ 15 కిలోలే. సీసం, సిలిండర్ అక్కడే ఇస్తారు కనుక అవి మోయక్కర్లేదు. మీ స్టీలు ప్లేటు ఆవిడ పెట్టెలో పెట్టి, ఆవిడ ఫిన్లు మీ పెట్టెలో పెడితే సరిపోతుంది.

ముందు ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో కట్టుకుని అలవాటు పడండి. అక్కడ కుదిరిన సీసమే సముద్రానికి కూడా అనుకోవద్దు. మంచినీళ్ల కంటే ఉప్పునీళ్లు రెండున్నర శాతం దాకా బరువు. సరంజామాతో కలిపి వంద కిలోలుండే మీకు సముద్రంలో రెండున్నర కిలోలు ఎక్కువ కావాలి. సరైన లెక్క తేలేది డైవ్ చివర. సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉండగా, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు వింగ్ పూర్తిగా ఖాళీ చేసి మామూలుగా ఊపిరి తీయండి. ఉన్నచోటే నిలబడగలిగితే బరువు సరిపోయినట్టు. ఆవిడకు ఈ పరీక్ష అద్దె జాకెట్‌తోనే చేయించి, ఆ తర్వాతే ప్లేటు ఆర్డర్ పెట్టండి.

ప్రశ్న: మేడమ్, వింగ్ వేసుకుంటే నీటి మీద మొహం ముందుకు తోసేస్తుందని మా బ్యాచ్‌లో అంటున్నారు. నాకు అలల్లో మొహం మునిగితే భయం. జాకెట్టే మేలా? (వేలచ్చేరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: గాలి అంతా వీపు వైపు ఉంటుంది కాబట్టి నిండుగా ఊదితే ముందుకు వంచడం నిజమేనమ్మా. అలా వంచుతోందంటే చాలావరకు సీసం ఎక్కువైంది, దాన్ని మోయడానికి గాలి ఎక్కువైంది. బరువు సరిగ్గా ఉన్న మనిషికి నీటి మీద గడ్డం పైకి ఉండటానికి కొంచెం గాలే చాలు. కాళ్లు కాస్త ముందుకు చాపి, కుర్చీలో వెనక్కి వాలినట్టు వాలండి. వింగ్ తలగడలా పనిచేస్తుంది. కాళ్ల మధ్య పట్టీ వదులుగా ఉంటే వింగ్ మెడ మీదికి ఎక్కుతుంది, అదీ చూసుకోండి. భయం మాత్రం చిన్న విషయం కాదు. పూల్‌లో మీ ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని, రెగ్యులేటర్ నోట్లోంచి తీసి స్నార్కెల్‌తో కాసేపు తేలి చూడండి. అప్పటికీ మనసు ఒప్పకపోతే జాకెట్‌తోనే డైవ్ చేయండి. ప్లేటు లేకపోతే మంచి డైవర్ కారని ఎవరన్నా నమ్మవద్దు.

ప్రశ్న: కర్ణాటక తీరంలోని నేత్రాని ద్వీపం దగ్గర డైవ్ చేసే స్నేహితుడొకరు తన పాత వింగ్ అమ్ముతానంటున్నాడు. ఏం చూసి తీసుకోవాలి? (బెంగళూరు, జయనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: గట్టిగా ఊది రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మెత్తబడితే లోపలి సంచిలోనో వాల్వ్‌లోనో లీకు ఉంది. టబ్బులో ముంచి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. వాల్వ్ దగ్గరైతే తరచుగా రబ్బరు రింగు మార్చితే పోతుంది. కుట్టు లేదా అతుకు దగ్గరైతే వదిలేయండి. ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే టక్కున వెనక్కి రావాలి, నెమ్మదిగా వస్తే ఆ భాగం కొత్తది వేయించుకోవాలి. తర్వాత గొట్టంలోంచి ఓ లీటరు మంచినీళ్లు పోసి, ఊది, కుదిపి, గాలి వదిలే కింది డంప్ వాల్వ్ లాగి బయటికి తీయండి. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉందంటే ఆయన డైవ్ తర్వాత లోపల కడగలేదన్నమాట. ఎండిన ఉప్పు పలుకులు లోపలి సంచిని గీకుతాయి. అలాంటిదైతే ధర ఎంత తగ్గించినా నేను తీసుకోను.