రెవిట్‌కి మారుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, గీతలతో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్‌ని ఎవరూ ముట్టుకోవద్దని, ఇకమీదట అంతా రెవిట్‌లోనేనని, అంటే కంప్యూటర్‌లో ఇంటి మోడల్ కట్టి దాన్నుంచే డ్రాయింగ్‌లన్నీ తియ్యాలని, మీ ఆర్కిటెక్చర్ ఆఫీసులో చెప్పేశానన్నావు. మారడం మంచిదే, అందులో రెండో మాట లేదు. ప్లాన్‌లో కిటికీ జరిపి, ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్‌లో జరపడం మర్చిపోయే బాధ చిన్న ఆఫీసులకే ఎక్కువ, ఆ ఒక్క బాధ తీరినా చాలు. కానీ ఆ ఒకటో తారీఖు మాట మాత్రం వెనక్కి తీసుకో. పునాదులు తవ్వుతున్న ఇళ్ళు, శ్లాబుకి రెడీగా ఉన్న అపార్టుమెంటు, అన్నిటినీ ఒకేసారి ఎక్కిస్తే అక్కడ మేస్త్రి డ్రాయింగ్ కోసం ఎదురుచూస్తుంటాడు, ఇక్కడ మీ ఆఫీసు పిల్లలు రెవిట్‌లో మెట్లు ఎలా పెట్టాలో వీడియోలు చూస్తుంటారు. క్యాడ్‌లో మొదలైనవి క్యాడ్‌లోనే పూర్తిచెయ్యండి. కొత్తగా వచ్చిన ఒక్క ఇల్లు తీసుకో, జీ ప్లస్ వన్ చాలు, తొందరపెట్టని క్లయింటైతే ఇంకా మంచిది. దాన్ని మొదటి గోడ నుంచి చివరి షీటు దాకా రెవిట్‌లోనే చెయ్యండి.

దానికంటే ముందు టెంప్లేట్, అంటే ప్రతి ప్రాజెక్టుకీ వాడుకునే మూస ఫైలు, తయారవ్వాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే గోడలూ తలుపులూ మన ఇళ్ళవి కావు. మన 9 అంగుళాల గోడ, నాలుగున్నర అంగుళాల గోడ, లింటెల్, సన్‌షేడ్, లాఫ్ట్, బాత్రూమ్ సంకెన్ శ్లాబు అన్నీ మనమే చేసుకోవాలి. గోడ విషయం ముందే తేల్చుకోండి. క్యాడ్‌లో 9 అంగుళాలకి రెండు గీతలు గీసేసి ప్లాస్టరింగ్ సంగతి వదిలేస్తాం కదా, రెవిట్‌లో గోడకి రెండువైపులా ప్లాస్టరింగ్ పొర పెట్టావంటే మందం పెరుగుతుంది, గది కొలత ఎక్కడినుంచి ఎక్కడికో తెలియక ఒక్కొక్కరు ఒక్కోలా వేస్తారు. మేస్త్రికి కావలసింది ఇటుక నుంచి ఇటుకకి. అందుకని డైమెన్షన్ ఎప్పుడూ గోడ కోర్ నుంచే, అంటే ప్లాస్టరింగ్ వదిలేసి ఇటుక అంచు నుంచే పడాలని ఒక రూలు పెట్టుకుని, అందరిచేతా అదే చేయించు.

ఇప్పుడు అసలు విషయం. మీ పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ గారికి ఇది కష్టమేమో అని ఒక్క వాక్యంలో తేల్చేశావు, చదివి నాకు బాధనిపించింది. ఆయన డ్రాయింగ్ బోర్డు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి ఇంకు పెన్నుతో గీసిన మనిషి, బోర్డు వదిలి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే ఒకసారి మొత్తం మారాడు, ఆ రోజు ఆయనకి నేర్పినవాళ్ళు కూడా ఎవరూ లేరు. మెట్ల మలుపులో తల తగులుతుందో లేదో, వాన జల్లు గదిలోకి కొట్టకుండా సన్‌షేడ్ ఎంత రావాలో, మేస్త్రి ఏ షీటు తెరిచి ఏ కొలత చూస్తాడో మీ ఆఫీసులో ఆయనకే తెలుసు. టెంప్లేట్‌లో ఏముండాలో ఆయన్నే చెప్పమను, చెప్పినట్టు చేసిపెట్టే పని కొత్తగా చేరిన బీఆర్క్ అమ్మాయికి అప్పగించు. కొన్నాళ్ళయ్యాక కీబోర్డు ఆయన చేతికి వస్తుంది. పిల్లలందరి ముందూ నేర్పకు, పొద్దున్నే ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఓ గంట పక్కన కూర్చో. ఉద్యోగానికి వచ్చిన భయమేమీ లేదని నువ్వే నోరు తెరిచి చెప్పాలి, ఆయన అడగడు.

క్యాడ్‌ని పూర్తిగా తీసెయ్యకు. మున్సిపాలిటీ అనుమతికి ఆన్‌లైన్‌లో పెట్టే ప్లాన్ డీడబ్ల్యూజీలో, అంటే ఆటోక్యాడ్ ఫైలుగా, వాళ్ళు చెప్పిన లేయర్లలో ఉండాలి, స్ట్రక్చరల్ ఇంజనీరు పంపేదీ క్యాడ్ ఫైలే. కనీసం ఒక్క సిస్టమ్‌లో ఉంచు. బయటినుంచి వచ్చిన క్యాడ్ ఫైళ్ళని విడిగానే ఉంచి రెవిట్‌కి లింక్ చెయ్యండి, మోడల్‌లోకి ఇంపోర్ట్ చేసి ఎక్స్‌ప్లోడ్ చేస్తే, అంటే విడి గీతలుగా విడగొడితే, ఫైలు బరువెక్కి నానా చెత్తా చేరుతుంది.

లైసెన్సు ఇప్పుడు అద్దెకే. 2016 నుంచి ఈ రెండింటినీ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ శాశ్వత లైసెన్సులు అమ్మడం మానేసింది కాబట్టి ఏటా కట్టే డబ్బు ఆఫీసు ఖర్చుల్లో రాసుకోవాల్సిందే. చవకని, కొన్ని సౌకర్యాలు తగ్గించిన రెవిట్ ఎల్‌టీ కొనేముందు ఆలోచించు, అందులో ఒకే మోడల్ మీద ఇద్దరు కలిసి పనిచెయ్యలేరు. విద్యార్థి లైసెన్సు ఆఫీసు పనికి వాడనే వద్దు. అందరిదీ ఒకే ఏడాది వెర్షన్ ఉండాలి, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో అప్‌గ్రేడ్ జోలికి పోవద్దు. ప్రతి దశలోనూ పీడీఎఫ్, డీడబ్ల్యూజీ తీసి పక్కన పెట్టుకోండి, రేపు అద్దె కట్టడం మానేసినా పాత పనులు చేతిలో ఉంటాయి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. రెవిట్‌లో శ్రమంతా ముందే పడుతుంది. గోడ దేనితో కడతారో, శ్లాబు ఎంత మందమో మొదట్లోనే ఆలోచించాలి, చివర్లో షీట్లు తొందరగా వస్తాయి. మీ ఫీజు వాయిదాలేమో ఎక్కువ భాగం చివర్లో సైటుకిచ్చే వర్కింగ్ డ్రాయింగ్స్ దగ్గరే ఉన్నాయి. కొత్త క్లయింట్లతో డిజైన్ దశ వాయిదా కాస్త పెంచి మాట్లాడుకో, లేకపోతే మొదటి రెండు నెలల జీతాలకే టెన్షన్ పడతావు.

ఆ మొదటి ఇల్లు మోడల్ అయ్యాక త్రీడీ బొమ్మలు పంపకు, అవి ఎలాగూ బాగుంటాయి. మెట్ల సెక్షన్, తలుపులు కిటికీల షెడ్యూలు (పట్టిక), గ్రౌండ్ ఫ్లోర్ వర్కింగ్ ప్లాన్ ప్రింట్ తీసి ముందు మీ డ్రాఫ్ట్స్‌మన్ గారితో దిద్దించి, ఆయన గీసిన ఎర్ర గీతలతో సహా నాకు పంపు.