పరిశోధన నిధుల బాధ్యత చేపట్టిన చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ప్రాంతంలో పరిశోధనకు, నవకల్పనకు ఇచ్చే నిధుల ప్రణాళికను రూపొందించే పని నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ఏ రంగాలను ఎంచుకుంటే ప్రాంతం త్వరగా ఎదుగుతుందని నీవు అడిగావు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పరిశోధన ఫలితం చేతికి వచ్చిన నాడు దాన్ని అందుకుని వాడుకోగల మనుషులు, సంస్థలు మీ ప్రాంతంలో ఉన్నారా? లేకపోతే ఖర్చు మీకు, లాభం మరో ప్రాంతానికి మిగులుతుంది. నిధుల పంపకంలో ఇంతకాలం పనిచేశాక నాకు బాగా గట్టిపడిన నమ్మకం ఇదే.

పరిశోధన పత్రాన్ని ప్రపంచంలో ఎవరైనా చదవగలిగినప్పుడు, అది పుట్టిన చోటుకే మేలు ఎందుకు జరగాలని నీకు సందేహం రావచ్చు. ఆర్థిక పరిశోధకులు ఆడమ్ జాఫీ, మాన్యుయెల్ ట్రాచ్టెన్‌బర్గ్, రెబెకా హెండర్సన్ 1993లో అమెరికా పేటెంట్లను పరిశీలించి, ఒక పేటెంటును ఉదహరించే తర్వాతి పేటెంట్లు అదే ప్రాంతం నుంచి రావడం మామూలుగా ఆశించదగిన దానికంటే చాలా ఎక్కువని చూపారు. కాగితం మీదికి ఎక్కని నైపుణ్యం మనుషుల దగ్గరే ఉంటుంది. వారు కలిసి పనిచేసినప్పుడు, ఒక సంస్థ వదిలి పక్క సంస్థలో చేరినప్పుడు అది చేతులు మారుతుంది. అయితే దగ్గరగా ఉన్నంత మాత్రాన సరిపోదు. సొంతంగా కొంత పరిశోధన చేసుకునే సంస్థే బయటి పరిశోధన విలువను గుర్తించి దాన్ని ఇముడ్చుకోగలదని పరిశోధకులు వెస్లీ కోహెన్, డేనియల్ లెవింతాల్ 1990లో వివరించారు. అందువల్ల విశ్వవిద్యాలయానికి ఇచ్చే ప్రతి పెద్ద గ్రాంటుతో పాటు, స్థానిక సంస్థలు తమ దగ్గర ఒకరిద్దరు పరిశోధకులను నియమించుకోవడానికి కూడా కొంత సొమ్ము కేటాయించు. ప్రణాళికల్లో మొదట కోత పడేది ఈ చిన్న కేటాయింపుకే. దాన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మనుషుల సంగతి మరో కారణంగా కూడా ముఖ్యం. శాస్త్రవేత్తల సంఖ్య పెరగకుండా నిధులు మాత్రమే పెరిగితే, ఆ డబ్బులో పెద్ద భాగం ఉన్నవారి జీతాల్లోకే వెళుతుందని ఆర్థికవేత్త ఆస్టన్ గూల్స్‌బీ 1998లో చూపారు. పరిశోధన బడ్జెట్టును రెట్టింపు చేసే ముందు డాక్టరేట్ విద్యార్థులు, ప్రయోగశాల సాంకేతిక నిపుణులు, యంత్రాలను నడిపి బాగుచేయగల పనివారు ఎంతమంది తయారవుతున్నారో చూడు.

తైవాన్ అనుభవాన్ని ఈ దృష్టితోనే చదవమని నా సూచన. చాలామందికి సాంకేతిక కంపెనీలు ఒకేచోట చేరిన షిన్‌చూ సైన్స్ పార్కు మాత్రమే కనిపిస్తుంది కాబట్టి, మనమూ ఒక పార్కు కడదామంటారు. ఆ పార్కు 1980లో మొదలైంది. పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ అంతకు ముందే, 1973లో ఏర్పడింది. ఆ సంస్థ 1976లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీతో ఒప్పందం చేసుకుని, తన ఇంజనీర్లను అక్కడికి పంపి చిప్పుల తయారీ నేర్పించింది. అలా నేర్చుకున్న పని నుంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్పుల కంపెనీలు పుట్టాయి. నేర్చిన చేతులు ముందు సిద్ధమయ్యాయి కనుకనే పార్కులో కట్టిన భవనాలకు పని దొరికింది. నీ దగ్గరకు భవనాల ప్రతిపాదనలే ఎక్కువగా వస్తాయి, ఎందుకంటే శంకుస్థాపన అందరి కంటా పడుతుంది, శిక్షణ పడదు.

ఓపిక గురించి కూడా చెప్పాలి. పొగాకు, బట్టలు, ఫర్నిచర్ మీద ఆధారపడిన అమెరికా రాష్ట్రం నార్త్ కరోలినాలో, మూడు విశ్వవిద్యాలయాల మధ్యనున్న భూమిలో 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కును స్థాపించారు. తొలి సంవత్సరాలు మందకొడిగా సాగాయి. 1965లో కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం వస్తున్నట్టు ప్రకటించాకే అది ఊపందుకుంది. ఎన్నికల గడువుకు సరిపడే ఫలితాలు చూపిస్తానని నీవు ఎవరికీ మాట ఇవ్వవద్దు. అయిదేళ్లకు తక్కువ కాకుండా నిధుల హామీ రాయించుకో.

కొత్త రంగాల ఆకర్షణలో పాత పరిశ్రమలను మరచిపోవడం నాకు బాధ కలిగించే విషయం. అమెరికా 1887లో హాచ్ చట్టం ద్వారా రాష్ట్రాల్లో వ్యవసాయ ప్రయోగ కేంద్రాలకు నిధులిచ్చింది. అక్కడ తేలిన సంగతులను రైతు దగ్గరకు చేర్చే విస్తరణ సేవలకు దేశవ్యాప్తంగా నిధులు సమకూర్చిన స్మిత్–లీవర్ చట్టం 1914లో గాని రాలేదు. చెరువు నింపి పంటకాలువలు తవ్వకపోతే పొలం తడవదు. మీ ప్రాంతంలో ఇప్పటికే వేలమందికి బతుకునిచ్చే పరిశ్రమ ఏదైతే ఉందో, దాని వృథాను తగ్గించే, నాణ్యతను పెంచే పరిశోధనకు తగిన వాటా ఇవ్వు.

అలాగని అంతా ఒకే సంస్థ చేతిలో పెట్టకు. ఫిన్లాండ్‌లోని ఊలు నగరం మొబైల్ ఫోన్ల కంపెనీ నోకియా వల్ల బాగా ఎదిగింది. ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లడం, అదే ఏడాది ఆ నగరంలోని ఫోన్ల అభివృద్ధి కేంద్రాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించడం వందలమందిని దెబ్బతీశాయి. అయినా రేడియో సాంకేతికతలో అక్కడ పేరుకున్న నైపుణ్యం నగరాన్ని విడిచిపోలేదు. 2018లో ఊలు విశ్వవిద్యాలయం ఆరవ తరం మొబైల్ సాంకేతికతపై పెద్ద పరిశోధన కార్యక్రమాన్ని మొదలుపెట్టగలిగింది. కంపెనీ దెబ్బతిన్నా ప్రాంతం మళ్లీ నిలదొక్కుకునే అవకాశం ఆ నైపుణ్యంలోనే ఉంది.

పంచే పద్ధతి విషయంలో నా సలహా, మొదట చిన్న మొత్తాలు ఎక్కువమందికి ఇవ్వమనే. అమెరికాలో 1982లో మొదలైన చిన్న వ్యాపారాల నవకల్పన పరిశోధన పథకం దశలవారీగా గ్రాంట్లిస్తుంది. అందులో ఇంధన శాఖ గ్రాంట్లను పరిశీలించి, తొలి దశ చిన్న గ్రాంటు అందుకున్న సంస్థకు వెంచర్ పెట్టుబడి, అంటే నష్టభయానికి సిద్ధపడి కొత్త సంస్థల్లో పెట్టే సొమ్ము, దొరికే అవకాశం దాదాపు రెట్టింపైందని ఆర్థికవేత్త సబ్రీనా హోవెల్ 2017లో తేల్చారు. రెండో దశలో ఇచ్చిన పెద్ద మొత్తాలకు ఆ స్థాయి ప్రభావం కనిపించలేదు. చిన్న గ్రాంటుతో నమూనా తయారై, అది పనిచేస్తుందో లేదో తేలుతుంది. పెట్టుబడిదారుకు కావలసిందీ అదే.

హోవెల్ ఈ సంగతిని తేల్చగలిగింది, అర్హత గీతకు కాస్త పైన నిలిచిన దరఖాస్తులను, కాస్త కింద ఆగిపోయిన దరఖాస్తులను పోల్చి చూడటం వల్లనే. నెగ్గినవారి విజయాలను మాత్రమే లెక్కబెడితే, వారు నిధులు లేకున్నా ఎదిగేవారేమో నీకు ఎప్పటికీ తెలియదు. కాబట్టి తొలి విడత ప్రకటన వెలువడక ముందే ప్రతి దరఖాస్తుకూ మార్కులు వేసే విధానాన్ని రాసి పెట్టుకో. తిరస్కరించినవారి మార్కుల జాబితాను కూడా భద్రపరచు. నిధులు అందనివారి ఉద్యోగుల సంఖ్య, అమ్మకాలు, వారు ప్రాంతంలోనే ఉన్నారా అన్న వివరాలను మూడేళ్ల తర్వాత, ఏడేళ్ల తర్వాత అడిగి తీసుకునేందుకు దరఖాస్తు పత్రంలోనే వారి సమ్మతి తీసుకో. ఆ పత్రం ముసాయిదా సిద్ధం కాగానే నాకు పంపితే శ్రద్ధగా చదివి నా అభిప్రాయం రాస్తాను.