రాత్రిళ్లు నోరు ఎండుతుంటే ముందు మాత్రల డబ్బా తీయండి

మీ అమ్మగారు రెండు పూటలా బ్రష్ చేస్తున్నా పళ్లు చిగుళ్ల దగ్గర పుచ్చి విరుగుతున్నాయని, రాత్రిళ్లు నాలుక పిడచకట్టి నీళ్ల కోసం లేస్తున్నారని రాశారు. ఈ రెండిటికీ మూలం ఒకటే కావచ్చు. మా అత్తగారికి అలాగే అయింది.

ఆవిడకి నీళ్లు లేకుండా చపాతీ ముక్క దిగేది కాదు. ఆవకాయ తగిలితే నాలుక భగ్గుమనేది. వయసు మీదపడింది కదా అని సరిపెట్టుకుంది. పళ్ల డాక్టరు నోట్లో పెట్టిన చిన్న అద్దం బుగ్గ లోపల అతుక్కుపోయింది. వెంటనే ఆయన అడిగింది పళ్ల గురించి కాదు, ఏయే మాత్రలు వేసుకుంటున్నారని. డబ్బా బోర్లిస్తే బీపీ, షుగర్ మాత్రలతో పాటు అరికాళ్ల మంటలకి రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్, జలుబుకని మొదలుపెట్టి అలాగే కొనసాగిస్తున్న సెట్రిజిన్ బయటపడ్డాయి. ఆ చివరి రెండూ నోరు ఎండగొట్టేవే. షుగర్ అదుపులో లేకపోయినా నోరు ఎండుతుంది.

మనకి రోజుకి సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్ము ఊరుతుంది. తిన్నాక నోట్లో పుట్టే ఆమ్లాన్ని అదే విరుస్తుంది, పంటికి కాల్షియం తిరిగి అందిస్తుంది. నీళ్లు తడుపుతాయి గానీ ఆ పని చెయ్యలేవు. పంటి పైపొర ఎనామెల్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గర కరగడం మొదలవుతుంది. చిగురు జారి బయటపడ్డ వేరు భాగం మెత్తన, అంత పులుపు కూడా అక్కర్లేదు. పెద్దవాళ్ల పళ్లు సరిగ్గా చిగురు అంచునే పుచ్చేది అందుకే.

నిద్రలో ఉమ్ము మామూలుగానే బాగా తగ్గిపోతుంది. కాబట్టి రాత్రి బ్రష్ చేశాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు, పాలు కూడా. పేస్టు ట్యూబు మీద పంటిని గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి, మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఉండదు. నోరు ఊరాలని నిమ్మ బిళ్లలు చప్పరించే అలవాటుంటే మాన్పించండి, పులుపూ చక్కెరా కలిసి ఆ పళ్లనే తింటాయి. మా అత్తగారు వాటికి బదులు చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ నములుతోంది. మొదట్లో నలుగురిలో సిగ్గుపడింది, ఇప్పుడు మనవడికి పోటీ.

అమిట్రిప్టిలిన్ మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకే చెప్పండి. మాకు సెట్రిజిన్ ఆపేసి, అమిట్రిప్టిలిన్ డోసు తగ్గించారు. పళ్ల డాక్టరు అప్పుడప్పుడు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తున్నారు. నోరు ఎండడం పూర్తిగా పోలేదు గానీ కొత్త పుచ్చులు ఆగాయి.

కళ్లలో కూడా ఇసుక పడ్డట్టు ఉంటోందంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, కళ్లనీ నోటినీ ఎండగొట్టే షోగ్రెన్ అనే జబ్బేమో పరీక్ష చేస్తారు. కట్టుడు పళ్లుంటే రాత్రి తీయించండి. వాటి కింద అంగిలి ఎర్రగా కందితే ఫంగస్ అయ్యుండొచ్చు, అదీ చూపించాల్సిందే.