స్క్రీనింగ్‌లో తక్కువ స్కోరు వచ్చిన అమ్మాయిలను ఆటకు దూరం పెట్టాలా?

మీరు అడిగింది ఇది: సీజన్‌కు ముందు మీ వాలీబాల్ జట్టులోని అమ్మాయిలకు ఎఫ్‌ఎంఎస్ (ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్, అంటే ఏడు కదలికలు చేయించి మార్కులిచ్చే పరీక్ష) స్క్రీనింగ్ చేశారు. కొందరికి 21కి 14, అంతకన్నా తక్కువ వచ్చింది. గాయాలవుతాయేమోనని వాళ్లను మ్యాచ్‌లు ఆడనివ్వకుండా ఆపాలా, లేక ఇంకో పరీక్ష ఏదైనా చేయాలా?

ఆపకండి. ఆ ఒక్క అంకె చూసి ఆట మాన్పించడం ఆ అమ్మాయిలకు అన్యాయం. నేను చాలాకాలంగా కండిషనింగ్ కోచ్‌గా ఉన్నాను, ఎక్కువగా టీనేజ్ పిల్లలతోనే నా పని. ఇలాంటి పరీక్షలు నేనూ చేస్తాను, ఇష్టంగానే చేస్తాను. కానీ ఎవరికి గాయమవుతుందో తేల్చడానికి కాదు, ఎవరికి ఏం నేర్పాలో తెలుసుకోవడానికి.

ఈ 14 ఎక్కడిదో చెప్తాను. 2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఒక ప్రొఫెషనల్ జట్టులోని 46 మంది ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం వెలువడింది. 14, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లలో ఆ సీజన్‌లో పెద్ద గాయాలు ఎక్కువగా కనిపించాయి. ఒక్క జట్టు, ఒక్క సీజన్, అందరూ భారీకాయులైన మగవాళ్లు. ఆ అంకె అక్కడి నుంచి బయలుదేరి అన్ని ఆటలకూ, అన్ని వయసులకూ పాకింది. తర్వాత వేరే ఆటల్లో, పెద్ద బృందాల్లో చూస్తే ఆ సంబంధం అంత గట్టిగా నిలవలేదు. నార్వే క్రీడావైద్య నిపుణుడు రోల్డ్ బార్ 2016లో రాసిన వ్యాసంలో కారణం వివరించారు. గాయపడ్డవాళ్ల స్కోర్లు, పడనివాళ్ల స్కోర్లు చాలావరకు ఒకే పరిధిలో ఉంటాయి. గీత ఎక్కడ గీసినా, దాని కింద ఏ గాయమూ కానివాళ్లు బోలెడంతమంది ఉంటారు, పైన గాయపడేవాళ్లూ ఉంటారు. నార్వేలోనే 700 మందికి పైగా మేటి మహిళా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణుల చేత డ్రాప్ జంప్ (ఎత్తు మీంచి దూకి వెంటనే పైకి ఎగరడం) చేయించి, ప్రయోగశాల కెమెరాలతో కొలిచి చూశారు. మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు (ఏసీఎల్) ఎవరికి తెగుతుందో ఆ కొలతలతో కూడా ముందుగా చెప్పలేకపోయారు.

అయితే మీరు చేసిన స్క్రీనింగ్ వృథా కాదు. మొత్తం స్కోరు పక్కన పెట్టి, షీటు మళ్లీ తెరవండి. ఏడు కదలికల్లో ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు ఇచ్చి ఉంటారు. అందులో 0 అంటే ఆ కదలికలో నొప్పి వచ్చిందని అర్థం. 14 వచ్చిన ఒక అమ్మాయికి అన్నీ 2లే అయి ఉండొచ్చు, 16 వచ్చిన ఇంకో అమ్మాయికి భుజం పరీక్షలో 0 ఉండొచ్చు. నా దృష్టిలో వెంటనే పట్టించుకోవలసింది ఆ రెండో అమ్మాయిని. 0 వచ్చిన ప్రతి ఒక్కరినీ ఫిజియోథెరపిస్టుకు చూపించండి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

ఆ తర్వాత విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. పాత గాయాలేమున్నాయి, ఏ కాలు బెణికింది, అప్పుడు ఎన్నాళ్లు ఆగారు, ఇప్పుడు ఎక్కడైనా పట్టేసినట్టు ఉంటుందా అని. పాత గాయం కొత్త గాయానికి బలమైన సూచన, ఏ స్క్రీనింగ్ స్కోరు కన్నా దాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. అందరి ముందూ అడిగితే పిల్లలు చెప్పరు. నా దగ్గరికి వచ్చిన ఒక స్పైకర్ స్క్వాట్‌లో కుడి మడమ లేపేసేది. మోకాలు గోడకు ఆనించే పరీక్ష చేయిస్తే కుడి చీలమండ ఎడమదానికంటే చాలా తక్కువ వంగింది. ఎప్పుడో బెణికిందని, జట్టులోంచి తీసేస్తారన్న భయంతో చెప్పలేదని అప్పుడు బయటపెట్టింది. స్కోరు చూసి ఆటకు దూరం పెట్టే జట్లలో పిల్లలు నేర్చుకునేది ఇదే, దాచిపెట్టడం.

ఇక కదలికను ఎలా చూడాలన్నది. ముందు ఏమీ నేర్పకుండా చూడండి. అగ్నిమాపక సిబ్బంది మీద చేసిన ఒక అధ్యయనంలో, మార్కులు దేనికిస్తారో చెప్పగానే, ఏ శిక్షణా లేకుండానే, వాళ్ల ఎఫ్‌ఎంఎస్ స్కోర్లు అప్పటికప్పుడే పెరిగాయి. నిమిషంలో శరీరం మారదు కదా, మారింది వాళ్లకున్న అవగాహన. అందుకే నేను రెండుసార్లు చేయిస్తాను. మొదట మామూలుగా, తర్వాత ఒక్క సూచన ఇచ్చి. సూచనతో కదలిక సరైతే అది నేర్పితే వచ్చే విషయం. సరికాకపోతే బిగుతో, బలహీనతో, పాత గాయమో వెతకాలి.

స్క్వాట్‌నే తీసుకోండి. లోతుగా దిగలేకపోతున్న అమ్మాయి మడమల కింద పల్చటి బరువు ప్లేటు పెట్టండి. అప్పుడు సులువుగా దిగితే అనుమానం చీలమండ మీదికి వెళ్తుంది. ఛాతీ ముందు ఒక బరువు పట్టుకోమన్నప్పుడు దిగితే, కీళ్లలో కదలిక ఉంది, బ్యాలెన్స్ కుదరడం లేదన్నమాట. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి లాక్కోగలిగితే తుంటి కీలును నిందించనక్కరలేదు. పాదాలు కొంచెం వెడల్పుగా, కొంచెం బయటికి తిప్పి పెడితే బాగా చేసేవాళ్లూ ఉంటారు. తుంటి ఎముకల అమరిక అందరికీ ఒకేలా ఉండదు, కాబట్టి అందరి పాదాలూ ఒకే గీత మీద పెట్టించాలని పట్టుబట్టవద్దు.

వాలీబాల్‌కి స్క్వాట్ కన్నా ల్యాండింగ్ ముఖ్యం. ఎఫ్‌ఎంఎస్‌లో దూకడం అన్నదే లేదు. 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి ముందుకు దూకి, నేల తాకగానే వీలైనంత ఎత్తుకు ఎగరమనండి. ఒక ఫోను ఎదురుగా, ఒకటి పక్క నుంచి పెట్టి వీడియో తీయండి (పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి తీసుకునే). ఎదురు వీడియోలో మోకాళ్లు లోపలికి పడుతున్నాయా, ఒక కాలు ముందు ఆనుతోందా చూడండి. పక్క వీడియోలో మోకాలు, తుంటి ఎంత వంగుతున్నాయో చూడండి. కాళ్లు బిగదీసుకుని, చప్పుడు చేస్తూ దిగేవాళ్లు తేలిగ్గానే కనబడతారు. తర్వాత ఒంటికాలి ల్యాండింగ్ చేయించండి, ఎందుకంటే స్పైక్ కొట్టాక చాలామంది ఒక కాలి మీదే దిగుతారు. అన్నిటికన్నా నాకు ఎక్కువ చెప్పేది మాత్రం ప్రాక్టీసు చివర్లో, అలసిపోయి, బంతి మీదే ధ్యాస ఉన్నప్పుడు తీసిన వీడియో. పెట్టె మీంచి చక్కగా దిగిన అమ్మాయి బ్లాక్ దగ్గర పూర్తిగా వేరేలా దిగడం చాలాసార్లు చూశాను.

కుడి ఎడమ తేడాల గురించి ఒక మాట. బాస్కెట్‌బాల్ ఆడే హైస్కూల్ పిల్లల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, ఒంటికాలిపై నిలబడి రెండో కాలు ముందుకు చాచే పరీక్షలో రెండు వైపులా 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవాళ్లకు కాళ్ల గాయాలు సుమారు రెండున్నర రెట్లు ఎక్కువయ్యాయి. అది గమనించదగ్గదే. అలాగని ప్రతి తేడా లోపం కాదు. స్పైక్ కొట్టే చేతి భుజం బయటికి ఎక్కువ తిరగడం ఆటతో వచ్చే మార్పు, దాన్ని సరిచేయబోవద్దు. గాయం నుంచి తిరిగి వచ్చేవాళ్ల విషయంలో, రెండో కాలితో పోలిస్తే 90 శాతం బలం వచ్చిందని సంబరపడకండి. నెలల విశ్రాంతిలో ఆ రెండో కాలూ బలం తగ్గి ఉంటుంది. గాయానికి ముందు తీసిన కొలతలు ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఏటా స్క్రీనింగ్ చేయాలని నేను పట్టుబట్టేది ఈ ఒక్క కారణానికే.

ఎత్తు కూడా మూడు నెలలకోసారి కొలవండి. గబగబా పొడుగు పెరిగే దశలో నిన్నటిదాకా వచ్చిన కదలిక కొంతకాలం తడబడటం మామూలే.

ల్యాండింగ్ శిక్షణ మాత్రం తక్కువ స్కోరు వచ్చినవాళ్లకే కాకుండా జట్టు మొత్తానికీ ఇవ్వండి. ఫిఫా 11+ లాంటి 20 నిమిషాల వార్మప్‌లు గాయాలను తగ్గించాయని ఫుట్‌బాల్‌లో పెద్ద అధ్యయనాల్లోనే తేలింది, వాటిని అందరికీ కలిపే చేయించారు. అందులోని ఒంటికాలి బ్యాలెన్స్, జంప్, హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరాల) వ్యాయామాలను మీ ఆటకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అవే బూట్లు, అదే వార్మప్, అదే కెమెరా దూరంతో మళ్లీ వీడియో తీసి, ఎవరిది వారి పాత వీడియో పక్కనే పెట్టి చూడండి.

షీట్లలో 0లు ఉంటే ఏ కదలికలో వచ్చాయో, ఆ అమ్మాయి ఏ స్థానంలో ఆడుతుందో ఇక్కడ రాయండి. ఫిజియోకి చూపించేలోపు ప్రాక్టీసులో ఏవి తగ్గించాలో చెప్తాను.